ఒక్క బండి పట్టే దారిలో

ముందు కాగితాల సంగతి చెబుతాను. స్కాట్లాండ్ దీవుల్లో కారు నడిపి తిరిగి వచ్చాక అచ్చంపేటలో కలిసినవాళ్లంతా మొదట అడిగింది అదే: మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా? చెల్లుతుంది. బ్రిటన్‌కు చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు సొంత దేశపు లైసెన్సుతోనే 12 నెలల దాకా కారు నడపవచ్చు. మన కార్డు మీద వివరాలు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి చదవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. అయినా కారు అద్దెకిచ్చేవాళ్లు కొందరు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా అడుగుతారని మా అల్లుడు చెప్పడంతో జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్లాను. ఫారం 4ఏ నింపి, పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు నకళ్లు, ఫొటోలు జతచేసి, 1,000 రూపాయల రుసుము, పైన సర్వీసు చార్జీ కడితే చిన్న పుస్తకం ఒకటి ఇచ్చారు. ఏడాది గడువు. నా లైసెన్సులో పెద్ద బండ్ల అనుమతి చూసి కౌంటరు దగ్గరి కుర్రాడు, "అక్కడ బస్సు నడుపుతారా సార్?" అని అడిగాడు. ఇవ్వరు గానీ, ఇస్తే నడిపేవాణ్ణే.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటి, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట మీదుగా శ్రీశైలం ఘాట్ దిగడం, మళ్లీ ఎక్కడం, నా ఉద్యోగంలో పెద్ద భాగం ఇదే. పులుల అడవి కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. గేటు పడేలోగా దాటాలన్న తొందర మా ఒంటికి అలవాటైపోయింది. మా అమ్మాయి, అల్లుడు గ్లాస్గోలో ఉంటారు. "నాయినా, జూన్‌లో రండి, హెబ్రిడీస్ దీవులు చూపిస్తాం" అని అమ్మాయి అంది. చూపించడం వరకే వాళ్ల పని, నడపడం నా పని అని అక్కడికి వెళ్లాక తెలిసింది. మా అల్లుడు నగరంలో చక్కగా నడుపుతాడు. ఎదురుగా బండి వస్తే వెనక్కి తీయాల్సిన దారి అంటే మాత్రం అతనికి గుండె దడ. "మామయ్యా, పడవ దిగాక స్టీరింగు మీదే" అన్నాడు. నాకు అంతకంటే కావలసిందేముంది?

మేము వెళ్లింది స్కాట్లాండ్‌కు పడమటి సముద్రంలో ఉన్న ఔటర్ హెబ్రిడీస్‌లోని లూయిస్, హారిస్‌లకు. పేర్లు రెండైనా దీవి ఒక్కటే. ఉత్తరాన తడినేలలు, చిన్న చిన్న చెరువులతో పరుచుకున్నది లూయిస్. దక్షిణాన కొండలు, బండరాళ్లది హారిస్. హారిస్ ఉత్తర భాగంలో 799 మీటర్ల క్లిషమ్ ఉంటుంది. ఆ దీవులన్నిటిలోనూ అదే ఎత్తయిన కొండ.

కారు అద్దెకు తీసుకునేటప్పుడు గేర్లున్నదే కావాలన్నాను. ఇద్దరి పేర్లూ డ్రైవర్లుగా రాయించాం. రెండో పేరు రాయించకుండా స్టీరింగు పట్టుకుంటే బీమా వర్తించదు. ఈ ముక్క ఎవరూ మరిచిపోకూడదు. స్టీరింగు మనలాగే కుడివైపు, ప్రయాణం ఎడమవైపు, కాబట్టి చేతికి కొత్తేమీ లేదు. కొత్తదల్లా మైళ్ల లెక్క. బోర్డు మీద 60 అని ఉంటే అది మన 96. మొదట్లో ప్రతి బోర్డు దగ్గరా మనసులో ఎక్కం చదువుకున్నాను.

గ్లాస్గో నుంచి లోక్ లోమండ్ సరస్సు పక్కగా, గ్లెన్‌కో లోయ గుండా స్కై దీవి దాకా మంచి రోడ్డే. ఆ దారి అందాల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తాను. స్కై వంతెన గురించి ఒక్క మాట. 1995లో తెరిచినప్పుడు దానికి టోల్ పెట్టారు. జనం కట్టమని మొండికేశారు, కోర్టుల చుట్టూ తిరిగారు, చివరికి 2004 డిసెంబరులో టోల్ ఎత్తేశారు. ఇది విన్న మా ఆవిడ, హైదరాబాద్ దారిలో ఉన్న టోల్ గేట్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

స్కై ఉత్తరాన ఊయిగ్ అనే రేవులో పడవ ఎక్కాలి. పడవ అంటే మన సోమశిల దగ్గర కృష్ణ దాటించే మరపడవ లాంటిది కాదు. కార్లు, లారీలు, బస్సులు దాని కడుపులోకి వెళ్లిపోతాయి. రేవులో తెల్లగీతలతో వరుసలు ఉంటాయి. బుకింగ్ చూసి ఏ వరుసలో నిలబడాలో చెబుతారు. పసుపు జాకెట్లవాళ్లు చేతిసైగలతో ఒక్కో బండినీ లోపలికి పిలుస్తారు. అద్దాల మధ్య జానెడు సందు వదిలి పేర్చిన తీరు చూసి, మా డిపోలో రాత్రిపూట బస్సులు సర్దేవాళ్లకు ఆ పని చూపించాలనిపించింది. హ్యాండ్ బ్రేక్ లాగి, బండిని గేరులో వదిలి, దొంగల అలారం ఆపి పైకి వెళ్లిపోవాలి. అలారం ఆపకపోతే పడవ ఊగిన ప్రతిసారీ అది మోగుతుంది, ఆ కారు నంబరు మైకులో వినబడుతుంది. మా ప్రయాణంలో అలా రెండు మూడు నంబర్లు విన్నాం. గంటన్నర దాటాక హారిస్‌లోని టార్బర్ట్‌లో దిగాం. బయట 13 డిగ్రీలు. మేము బయల్దేరిన రోజున అచ్చంపేటలో 40 దాటి ఉంది. మా ఆవిడ రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకుని, "ఇది ఎండాకాలమా?" అంది. ఎండాకాలమే.

టార్బర్ట్ నుంచి లూయిస్‌లోని స్టోర్నోవే పట్టణానికి వెళ్లే పెద్ద రోడ్డు చాలావరకు రెండు వరుసలదే. దాన్ని వదిలి ఏ పల్లెకు తిరిగినా ఒక్క బండి పట్టే తారు దారే ఉంటుంది. అంచులు మెత్తటి నేల, అక్కడ చక్రం దిగితే ఇరుక్కుంటుంది. కొంత దూరానికి ఒకసారి రోడ్డు కాస్త ఉబ్బి, ఒక బండి ఆగేంత చోటు వస్తుంది. పక్కన కర్రకు తెల్లటి పలక, దాని మీద ‘పాసింగ్ ప్లేస్’ అని ఉంటుంది. అక్కడి డ్రైవింగ్ అంతా ఈ ఉబ్బెత్తుల చుట్టూనే తిరుగుతుంది.

సూత్రాలు నాలుగైదు మించి లేవు. ఎదురుగా బండి కనబడితే, ఆ చోటు నీకు ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే అందులోకి దూరకూడదు, దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగాలి, వచ్చేవాడు అందులోకి తిరిగి నిన్ను దాటుతాడు. ఎత్తు ఎక్కుతున్న బండికి వీలైనంతవరకు దారివ్వాలి. వెనక ఉన్నవాడు తొందరలో ఉంటే వాడికీ తప్పుకోవాలి. అవసరమైతే ఎవరో ఒకరు వెనక్కి తీయాలి. ఎక్కే బండికి దారి అన్నది మా ఘాట్ డ్రైవర్లకు మొదటిరోజు నేర్పే పాఠం. దిగేవాడు ఆగి మళ్లీ కదలడం సులువు, ఎక్కేవాడు ఊపు పోగొట్టుకుంటే క్లచ్ కాలుతుంది.

ఇవి ఎవరైనా చదువుకుని వెళ్లవచ్చు. చదివితే రానిది ముందుచూపు. ఎదుటి బండి దగ్గరికి వచ్చాక ఆలోచిస్తే అప్పటికే ఆలస్యం. అర కిలోమీటరు దూరంలో వంపు మీద ఒక కారు తళుక్కుమనగానే, మన రెండు బండ్ల మధ్య తెల్లపలకలు ఎన్ని ఉన్నాయి, అతను ఏది అందుకుంటాడు, నేను ఏది అందుకుంటాను అని లెక్క కట్టాలి. లెక్క కుదిరితే ఇద్దరిలో ఎవరూ పూర్తిగా ఆగనక్కర్లేదు. అతను వేగం తగ్గించి తన చోటులోకి జారతాడు, నేను అదే ఊపులో దాటిపోతాను. స్థానికులు ఇది ఎంత సునాయాసంగా చేస్తారంటే, వాళ్ల బండి ఆగిందా, నడుస్తూనే ఉందా అన్నది కూడా తెలియదు. పొద్దంతా నడిపాక నాకూ అది పట్టుబడింది. ఉద్యోగంలో చేసిన పనే, కాకపోతే ఇక్కడ అడవి అడ్డం లేదు. చెట్టనేది దాదాపు లేని నేల కాబట్టి రోడ్డు మైలు దూరం దాకా కనబడుతుంది.

లైట్ల దగ్గర మాత్రం మన అలవాటును పూర్తిగా తిరగేసుకోవాలి. మన రోడ్ల మీద ఎదుటివాడు హెడ్‌లైట్లు కొట్టాడంటే "నేను వస్తున్నాను, నువ్వు ఆగు" అని అర్థం. అక్కడ "నేను ఆగాను, నువ్వు రా" అని. అల్లుడు ఈ సంగతి ముందే చెప్పి ఉండకపోతే నేనూ ఎదుటివాడూ పొద్దుగూకేదాకా ఎదురెదురుగా నిలబడి ఉండేవాళ్లం. అక్కడ జూన్‌లో పొద్దు రాత్రి పదిన్నరకు గాని గూకదు. హారన్ సంగతి ఇంకోటి. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మలుపుకూ హారన్ కొట్టడం ధర్మం. అక్కడ హారన్ కొడితే తిట్టినట్టు లెక్క. మిట్ట అంచు దగ్గర, అవతల ఏముందో తెలియని చోట నా బొటనవేలు దానంతటదే హారన్ మీదకు వెళ్లేది. వెనక సీట్లోంచి అమ్మాయి "నాయినా!" అనేది. కొట్టకుండా వేగం తగ్గించి ఎక్కేవాణ్ణి. ఇప్పటికీ నా అభిప్రాయం, గుడ్డి మిట్ట మీద చిన్న హారన్ తప్పు కాదు.

దాటిన ప్రతివాడూ స్టీరింగు మీంచి చెయ్యో, కనీసం ఒక వేలో ఎత్తుతాడు. ఆర్టీసీ డ్రైవర్లం ఒకరికొకరం ఎత్తే చెయ్యే అది. అక్కడ అందరూ ఎత్తుతారు, లారీవాడు, ముసలమ్మ, పోస్టు బండి నడిపేవాడు, అందరూ.

వెనక్కి తీయడం మీద నాకు కాస్త గర్వం ఉంది, దాచుకోను. బస్సుకు వెనక కండక్టరు నిలబడి విజిల్ వేస్తాడు, "హోల్డాన్" అంటే ఆగాలి, "రైట్ రైట్" అంటే కదలాలి. ఇక్కడ మా ఆవిడ ఆ ఉద్యోగం తీసుకుంది. ఒకచోట పెద్ద మోటార్ హోమ్ ఎదురైంది. ఇల్లంత బండి, లోపల మంచాలు, పొయ్యి కూడా ఉంటాయి. దానికి వెనకే తెల్లపలక ఉంది, నాకు చాలా దూరం. న్యాయంగా అతనే వెనక్కి తీయాలి. అతని ముఖం చూస్తే అది జరిగే పని కాదని తెలిసిపోయింది. వంపులో, రెండు వైపులా గుంతలున్న చోట, నేనే తీశాను. మా ఆవిడ వెనక అద్దంలోంచి చూస్తూ హోల్డాన్, రైట్ రైట్ అంటూనే ఉంది. మోటార్ హోమ్ ఆయన దాటుతూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ బండ్లు అద్దెకిచ్చేటప్పుడు ఓ వంద మీటర్లు వెనక్కి తీయించి చూసి గాని తాళాలు ఇవ్వకూడదు.

ఫొటోల విషయంలో ఇంట్లోనే యుద్ధం జరిగింది. లస్కెంటైర్ దగ్గర తెల్లటి ఇసుక, దాని మీద ఆకుపచ్చా నీలమూ కలిసిన నీళ్లు. ఆ పక్కనే ఖాళీగా ఒక పాసింగ్ ప్లేస్. "ఏమండీ, ఒక్క నిమిషం ఆపండి" అంది. "ఇది ఆగే చోటు కాదు, తప్పుకునే చోటు" అన్నాను. ఎవరూ రావడం లేదు కదా అంది. ఎవరూ రానప్పుడే అందరూ ఆపుతారు, అందుకే వచ్చినవాడికి చోటు ఉండదు. కిలోమీటరు ముందుకెళ్లి కారు నిలిపే స్థలంలో ఆపి, అందరం నడుచుకుంటూ వెనక్కి వచ్చాం. ఆ ఫొటోలో మా ఆవిడ నవ్వడం లేదు.

గొర్రెలకు రోడ్డు మీద హక్కు మనకంటే ఎక్కువ. ఎండకు కాస్త వెచ్చబడిన తారు మీద పడుకుని నెమరు వేస్తుంటాయి, బండి వచ్చినా తల తిప్పవు. ఎవరి గొర్రె ఏదో తెలియడానికి వీపు మీద ఎర్ర, నీలి రంగులు పూస్తారు. కాపరి వెంట ఉండడు. ఒకరి మేత నేలలోంచి ఇంకొకరి నేలలోకి పోకుండా రోడ్డుకు అడ్డంగా గుంత తీసి పైన ఇనుప కడ్డీలు పరుస్తారు. చక్రం దడదడమని దాటుతుంది, గిట్ట దిగబడుతుందని గొర్రె దాటదు. పాలమూరు జిల్లాలో గొర్రెల మంద రోడ్డెక్కితే పావుగంట ఆగినవాణ్ణి. ఇంత చవకైన ఉపాయం మన దగ్గర ఎందుకు లేదా అని ఆలోచించాను. మన మందలు దారి పొడవునా నడిచి వలస వెళ్తాయి, కడ్డీలు వేస్తే వాటికే అడ్డం.

లూయిస్ వైపు రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. కాంట్రాక్టరు పాపం కాదు. కింద ఉన్నది పీట్. గడ్డి, నాచు వేల ఏళ్లుగా నీళ్లలో నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన నల్లమన్ను. దాని మీద వేసిన రోడ్డు ఒకచోట దిగుతుంది, ఇంకోచోట లేస్తుంది. తిన్నగా కనబడిన దారి కదా అని తొక్కితే కారు గాలిలోకి లేచి పడుతుంది. ఆ పీట్‌నే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలం పొయ్యిలోకి దాచుకుంటారు. ఇళ్ల పక్కన పేర్చి ఉన్న కుప్పలు చూస్తే మన పిడకల గూళ్లు గుర్తొచ్చాయి.

హారిస్ తూర్పు తీరం వెంట వెళ్లే దారిని గోల్డెన్ రోడ్ అంటారు, వేయడానికి అయిన ఖర్చు వల్ల వచ్చిన పేరు. ఆ ఖర్చు ఎందుకయిందో మొదటి మలుపులోనే తెలుస్తుంది. మట్టి లేదు, అంతా బూడిదరంగు బండ. ఆ రాయి వయసు మూడు వందల కోట్ల ఏళ్ల దాకా ఉంటుందట. బండల సందుల్లో కోడిగుడ్డంత చెరువులు, వాటి చుట్టూ తిరుగుతూ దారి. ఇలాంటి చోట ఊళ్లు ఎందుకున్నాయని అమ్మాయిని అడిగాను. పడమటి తీరంలో గవ్వల ఇసుక కలిసిన మంచి పచ్చిక నేల ఉంది. 19వ శతాబ్దంలో భూస్వాములు గొర్రెల మేపుకోసం అక్కడి రైతులను ఖాళీ చేయించి ఈ రాళ్లలోకి తోలేశారు. వాళ్లు బండల మీదకు సముద్రపు నాచు, మట్టి మోసుకొచ్చి గట్లు పోసి ఆలుగడ్డలు పండించారు. ఆ గట్ల గీతలు ఇప్పటికీ కనబడతాయి. ఇక్కడ గొయ్యి తవ్వడానికి మట్టి చాలక, చనిపోయినవాళ్లను కొండ దాటించి పడమటి తీరానికి మోసుకెళ్లేవారు. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు మునిగినప్పుడు కొల్లాపూర్ వైపు వాళ్లు సామాన్లతో గట్టెక్కడం విన్నవాణ్ణి, చూసినవాణ్ణి. కారు కాసేపు నెమ్మదిగా నడిపాను.

ఆ దారిలోనే ఒక ఇంటి పక్క రేకుల షెడ్డులోంచి టకటకమని చప్పుడు వినబడింది. హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట నేసే మగ్గం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దీవులకు వచ్చిన హ్యాటర్స్‌లీ రకం, కరెంటు లేదు, కాళ్లతో తొక్కితే నాడె దానంతటదే పరుగెడుతుంది. ఈ బట్ట కోసం బ్రిటన్ పార్లమెంటు 1993లో ప్రత్యేకంగా చట్టం చేసింది. ఉన్నికి రంగు వేయడం, వడకడం ఈ దీవుల్లోనే జరగాలి, నేత ఇక్కడివాళ్లు తమ ఇళ్ల దగ్గరే చేత్తో నేయాలి. అప్పుడే దాని మీద గోళం, శిలువ ముద్ర పడుతుంది. నేసే ఆయనకు నా ఫోనులో గొంగడి బొమ్మ చూపించాను. నల్ల దక్కనీ గొర్రె ఉన్ని, మన కురుమల గుంట మగ్గం, చింతగింజల గంజి, ఇవన్నీ అమ్మాయి చెబుతుంటే ఆయన పని ఆపి విన్నాడు. చింతగింజ అంటే ఏమిటో చెప్పడానికే చాలాసేపు పట్టింది. ఇప్పుడు ఎంతమంది నేస్తున్నారని అడిగాడు. ఉన్ని లేని మాంసపు గొర్రెలు వచ్చాక దక్కనీ మందలు తగ్గిపోయాయని, నేసేవాళ్లూ తగ్గారని చెప్పాను. చట్టం లేదా అన్నాడు. లేదన్నాను. ఆయన కోటు గుడ్డ ధర చెబితే నేను మఫ్లరుతో సరిపెట్టుకున్నాను.

లూయిస్‌లోని కాలనిష్ రాళ్ల దగ్గర కూడా ఇలాంటిదే. సుమారు 5,000 ఏళ్ల కిందట నిలబెట్టిన రాళ్లు, నడుమ ఉన్నది దాదాపు 4.8 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు వాటి మొదళ్లు మనిషి భుజం దాకా పీట్‌లో పూడిపోయి ఉంటే 1857లో తవ్వించి తీశారు. మన కృష్ణ మండలం ముడుమాల్‌లో నిలువురాళ్లు ఉన్నాయి, 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. బస్సులో ఎందరినో అటు మోసినవాళ్లం, దిగి చూసినవాళ్లు తక్కువ. కాలనిష్‌లో మాత్రం బస్సులు నిండా వచ్చి దిగుతున్నారు.

శనివారం సాయంత్రం స్టోర్నోవేలో తిరుగు పడవ ఎక్కాలి. గాలి పెరిగి ఆ పడవ ఆగిపోయింది. అదనంగా ఏమీ తీసుకోకుండా సోమవారానికి మార్చారు. అలా మాకు ఆదివారం దక్కింది. ఆ దీవిలో ఆదివారం పని చేయకూడదన్న నియమాన్ని చాలామంది గట్టిగా పాటిస్తారు. స్టోర్నోవే నుంచి ఆదివారం పడవ మొదలైందే 2009లో. అదీ నిరసనల మధ్యన. మేము బస చేసిన ఇంటి ఆమె శనివారం రాత్రే "పెట్రోలు నింపుకున్నారా? పాలు, రొట్టె కొన్నారా?" అని అడిగింది. మా ఆవిడ దగ్గర చింతకాయ తొక్కు, కారప్పొడి, పప్పు ఉన్నాయి కాబట్టి మాకు లోటు రాలేదు. ఆమె పెట్టిన నల్ల పుడ్డింగ్ నేనొక్కణ్ణే తిన్నాను. అందులో నెత్తురు ఉంటుందని అల్లుడు భయపెట్టబోయాడు. మేక నెత్తురుతో వండిన నల్ల తిని పెరిగినవాణ్ణి నేను. కాస్త కారం తగ్గింది, అంతే.

వెళ్లాలనుకునేవాళ్లకు చెప్పేదేమిటంటే, జూన్, జులైలో వెళ్తే కారుతో పడవ టికెట్ నెలల ముందే తీసుకోండి, మనుషులకు దొరికినంత సులువుగా కారుకు దొరకదు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు వదులుగా ఉంచుకోండి, గాలి ఎవరి మాటా వినదు. పెట్రోలు సగానికి రాగానే నింపండి, బంకులు దూరం దూరంగా ఉంటాయి. గాలి ఆగిన సాయంత్రాల్లో మిడ్జ్ అనే చిన్న పురుగులు కమ్ముకుని కుడతాయి, ముఖం మీద వేసుకునే వల అక్కడే అమ్ముతారు. వెనక్కి తీయడం రానివాళ్లు మాత్రం కారు అద్దెకు తీసుకోకండి. స్టోర్నోవే నుంచి టార్బర్ట్ మీదుగా లెవర్‌బరా దాకా బస్సు ఉంది. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోండి.